నోటితో పాడిందే పాట

మా ఒడ్డున చేపల వేలం పాడించేది నేనే. నా పేరు గంగులు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బోటు ఒడ్డెక్కగానే చేపలను గంపల్లోకి ఎత్తుతారు, గంప చుట్టూ ఆడవాళ్లు మూగుతారు, వాళ్లు పాడిన ధరను నేను పైకి అరుస్తాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మూడోసారి అన్నాక దేవుడు దిగొచ్చి అడిగినా ఆ గంప ఇవ్వను. నా నోరు అంత వేగం. వేగం లేకపోతే ఎండకు చేప మెత్తబడుతుంది, బోటువాళ్లు నన్ను తిట్టిపోస్తారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కూర్మమ్మ సంగతి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

కూర్మమ్మకి నత్తి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఉంది. మాట మొదలుపెట్టేటప్పుడు మొదటి అక్షరం దగ్గరే నాలుక ఆగిపోతుంది. అది దాటితే మిగతాదంతా బాగానే వస్తుంది. మొగుడు నూకయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీదే ఉంటాడు. ఫోన్ చేస్తే ఆయన మాట్లాడతాడు, ఈవిడ ఊఁ కొడుతుంది. మనిషి మాత్రం మొండిఘటం. గంప నెత్తిన పెట్టుకుని, నౌపడ స్టేషన్లో పాసింజరు ఎక్కి, పలాస వీధులు తిరిగి అమ్ముకొచ్చి, ఇద్దరు ఆడపిల్లలను డిగ్రీ దాకా చదివించింది. గంగమ్మ సంబరానికి మా ఊళ్లో ముందుండి పాట అందుకునేది కూడా ఆవిడే. పాటలో నత్తి రాదు. ఆ సంగతి ఒడ్డున ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి ఏం లాభం, మా బుర్రల్లో ఉన్నది ఇసకే.

వేలంలో ఆవిడ ఏనాడూ గెలిచింది లేదు. మొదటి అక్షరం దాటేలోగా నేను మూడోసారి అనేసేవాణ్ణి. వేళ్లు చూపించవచ్చు కదా అంటారేమో. వేళ్లు ఒప్పుకోను. ఒకప్పుడు ఒకాయన ముక్కు మీద ఈగను తోలుకుంటే, అది వంద పెంచినట్టేనని పక్కవాడు గొడవపెట్టి, తలకాయలు పగిలేదాకా వచ్చింది. ఆ రోజే రూలు పెట్టాను. నోటితో పాడిందే పాట. చెయ్యి ఎత్తడం లేదు, తల ఊపడం లేదు, కన్ను కొట్టడం అసలే లేదు.

అందుకని కూర్మమ్మ తరఫున దుర్గ పాడేది. దుర్గ మా ఒడ్డున గట్టి గొంతున్న బేరగత్తె. గంప మీద రెండు వందలు పైన వేసుకుని కూర్మమ్మకి ఇచ్చేది. పదిహేనేళ్లు అలాగే గడిచింది. కూర్మమ్మ లాభంలో సగం దుర్గ నోటికే పోయేది. నాకు తెలియదా? తెలుసు. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

మొన్న ఫిబ్రవరిలో, పలాసలో జీడిపప్పు కూలీలకు వండిపెట్టే ఒక మెస్సువాళ్లు కూర్మమ్మను పిలిచి, సోమవారం నుంచి రోజూ ఒక గంప చేప కావాలన్నారు. ఇక వీధులు తిరగనక్కర్లేదు. యాభైకి దగ్గరపడుతున్న మోకాళ్లకు అంతకంటే ఏం కావాలి? షరతు ఒకటే. మొదటి రోజే చేప రాకపోతే ఆ బేరం ఐసు వ్యానున్న ఈశ్వర్‌కి ఇచ్చేస్తామన్నారు. ఈశ్వర్ కూడా మా దగ్గర కొని ఊళ్లకు వేసే వ్యాపారే. వాడు ఊరుకుంటాడా? ఇకమీదట దుర్గ ఎన్ని గంపలు పాడినా తనే కొంటానని, కూర్మమ్మ తరఫున మాత్రం పాడొద్దని మాట తీసుకున్నాడు. ఆదివారం సాయంత్రం దుర్గ కూర్మమ్మ ఇంటికెళ్లి, రేపటి నుంచి నీ పాట నువ్వే పాడుకో అని చెప్పి వచ్చేసింది.

సోమవారం ఒక్క బోటే వచ్చింది. నాలుగంటే నాలుగు గంపల కానాగడత చేపలు. కూర్మమ్మ కొంగు నడుముకు బిగించి అందరికంటే ముందు వచ్చి నిలబడింది. మొదటి గంపకి ఈశ్వర్ పదిహేను వందలన్నాడు. ఆవిడ "ప... ప..." అంటూ మెడ నరాలు ఉబ్బేదాకా పెనుగులాడింది. నేను మూడోసారి అనేశాను. రెండో గంపా అంతే. మూడో గంప దగ్గర దుర్గ తల దించుకుని కాలి బొటనవేలితో ఇసకలో గీతలు గీస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా నేను ఆగలేదు. ఒక్కరి కోసం ఆగితే అందరి కోసం ఆగాలని నా వాదం. నా బుద్ధి తగలెయ్య.

ఇక మిగిలింది ఒక్క గంప. ఈశ్వర్ పద్దెనిమిది వందలన్నాడు. ఒకటోసారి అన్నాను. కూర్మమ్మ కళ్లు మూసుకుంది. రెండోసారి అన్నాను. అప్పుడు ఎత్తుకుంది చూడండి, సంబరంలో అమ్మోరి పాట ఎత్తుకున్నట్టు, ఒడ్డు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వినబడేలా.

"రెండు వేలమ్మా... రెండు వేలూ... కూర్మమ్మ పాటమ్మా... రెండు వేలూ..."

ఒక్క అక్షరం తడబడలేదు. వలలు దులుపుకునేవాళ్లు దులపడం ఆపేశారు. కాసేపటికి నవ్వులు మొదలయ్యాయి. ఈశ్వర్‌కి మాత్రం నవ్వు రాలేదు.

"ఇదేటి మావా, సంబరమనుకుంటన్నాదేటి? ఇది సెల్లదు. మూడోసారి సెప్పీ, గంప నాది" అన్నాడు.

అందరూ నా వంక చూశారు. ఇన్నేళ్లూ ఆవిడ గొంతు నొక్కడానికి పనికొచ్చిన నా రూలే ఇప్పుడు ఆవిడ పక్కన నిలబడింది.

"నోటితోనే పాడినాది గదరా" అన్నాను. "ఇన్నాళ్లూ మనవే అరిసినాం. పాటంటే ఇదీ. నువ్వు పెంచుతావా, నేదా?"

వాడు పెంచాడు. ఆవిడ మళ్లీ రాగం అందుకుంది. రాగం పూర్తికాకముందే వాడు మధ్యలో దూరబోతే, చెయ్యి అడ్డంపెట్టి, పాట ముగిసేదాకా నోరు మూసుకోమన్నాను. ధర ఇరవై రెండు వందలు దాటింది, ఇరవై నాలుగు దాటింది. మెస్సువాళ్లిచ్చే ధరకి ఇక ఆవిడకు మిగిలేది సున్నా. అయినా కళ్లు తెరవలేదు, పాట వదల్లేదు. ఇరవై ఆరు వందల దగ్గర ఈశ్వర్ ఇసకలో ఉమ్మేసి వ్యాను దగ్గరకు పోయాడు. ఒకటోసారి అన్నాను, రెండోసారి అన్నాను. మూడోసారి అనడానికి మాత్రం నాకు చాలాసేపు పట్టింది.

ఆ రోజు చేప పలాస చేరింది. మెస్సు బేరం ఆవిడకే దక్కింది, ఇప్పటికీ ఆవిడదే. కానీ ఒడ్డు దాటేముందు జరిగింది ఒకటి ఉంది. గంప నెత్తికెత్తడానికి దుర్గే ముందుకొచ్చి చెయ్యి వేసింది. కూర్మమ్మ వద్దనలేదు. గంప సర్దుకుని, రెండడుగులు వేసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మ... మ... మ..."

ఆగాను. ఎండ ఎక్కుతోంది, నౌపడ రైలుకి టైమవుతోంది. అయినా ఆగాను.

"మావా, ఇంతే గదా? ఇన్నేళ్లూ ఈపాటి ఆగుంటే సాలు గదా?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఒడ్డు మీద అందరూ వింటున్నారు, నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

"ప... పద తల్లీ" అన్నాను, "రైలొస్తాది." ఆ కాస్త మాట కూడా నా నోట ఒక్కసారికి రాలేదు.