వదినె కోసం పట్టిన పొట్టు

మా వదినెకు ఊపిరాడాలె, ఆమె మా ఇంట్లనే ఉండాలె. మా అన్న వైకుంఠానికి కావలసినయి గీ రెండే. దానికోసం ఆయన పెట్టిన యంత్రం చూసి గల్లీ గల్లీ నవ్వింది. నవ్వితే నవ్విర్రు, వాళ్ళ నోట్ల మన్ను వడ!

డెబ్బై నాలుగో, అయిదో సంవత్సరం. అప్పటికింక నా పెండ్లి కాలే. పాతబస్తీ హుస్సేనీ ఆలంల మా ఇల్లంటే ముందర దాలాన్ అనే వసారా, ఎనుక ఒక అర్ర, మూలకు వంటిల్లు. దాలాన్లనే అన్న కార్ఖానా. జిట్రేగి కట్టెతోని రెహళ్ళు చేస్తుండె, ఖురాన్ పెట్టుకొని చదువుకునే మడత పీటలు. అన్న కోసి చెక్కితే, మా వదినె నాగమణమ్మ గరుకు రేగుమాలు కాయితంతోని రుద్దేది. రుద్దుడంటే ఏం రుద్దుడు! వేలు పెడితే జారిపోవాలె. దుకాణపోళ్ళు "భాభీ హాత్ కా మాల్" అని, వదినె చేతి సరుకే కావాలని అడిగి మరీ తీస్కపోయేటోళ్ళు.

అన్న మోటరు రంపం కొన్నప్పటికెల్లి తిప్పలు షురూ అయినయ్. చేతి రంపానికి దొడ్డు పొట్టు రాలేది. దీనికి పిండి లెక్క లేస్తది. అన్నం మీద అదే, పక్కబట్టల మీద అదే, దేవుని పటాల మీద అదే. వదినెకు ముందు దగ్గు వచ్చింది, ఎనుక ఆయాసం. దవాఖానల డాక్టరు, "నీకు కట్టె పొట్టు పడ్తలేదమ్మా. దూరముండు. లేకుంటే పుట్టింటికన్న పో" అన్నడు.

"నేను పోతే రుద్దేదెవరు? ఈయననా? అంత గీతలు పెడ్తడు" అన్నది వదినె. నవ్వుకుంటనే అన్నది గని కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.

అన్న జుమ్మెరాత్ బజారుకు పోయి పాత కూలరు ఫ్యాను ఒకటి మోసుకొచ్చిండు.

"ఏందన్నా ఇది?"

"పొట్టును గుంజుతది."

నూనె డబ్బాలు కత్తిరించి గొట్టం చేసిండు. రంపం కిందికెల్లి ఫ్యాను దాంక అతికిచ్చిండు. ఫ్యాను అవతలి దిక్కు దిండు గలేబు కట్టిండు, పొట్టు పోయి అండ్ల పడాలె. మిషను పెట్టంగనే గలేబుల నుంచి పొట్టంత బుస్సున ఎగజిమ్మింది. ఓయమ్మో, ముగ్గురం పిండిల పొర్లినట్టయినం! వాకిట్ల నిలబడ్డోళ్ళు పొట్టలు పట్టుకొని నవ్విర్రు. అన్న మొఖం మాడ్చుకొని, డేరా గుడ్డ తెచ్చి రెండు పొరలు వేసి సంచి కుట్టిండు. రేకు సందులు మూసుకపోయేటట్టు లప్పం పెట్టిండు. అప్పుడు పట్టింది! దాలాన్ల ఊడ్వనీకె ఏం దొరకలే. వదినె సంచి విప్పి చూసి, "గింత పొట్టు తింటుంటిమా!" అని నోరు తెరిచింది. అన్న మొఖం చూడాలె అప్పుడు, మస్తు మురిసిపోయిండు.

గని దగ్గు తగ్గలే. ఇంక ఎక్కువైంది, పొద్దుగాల పూట మరీ. మేము లేవకముందే వదినె వంట చేసేది, ఆమె దగ్గుకే మాకు మెలుకువ వచ్చేది. అన్న మల్ల గొట్టం విప్పుడు, మల్ల లప్పం పెట్టుడు. ఫికర్‌తోని తిండి కూడ మానిండు. ఇగ తనతోని కాదనుకొని, బామ్మర్ది కైలాసానికి కబురు పంపిండు, మీ అక్కను తీస్కపొమ్మని. వదినెకు చెప్పనన్న చెప్పలే! కైలాసం వచ్చి గుమ్మం ముందర రిక్షా ఆపినంకనే ఆమెకు తెలిసింది.

నేను అన్న మీద ఒంటికాలి మీద లేచిన. వదినె మాత్రం లొల్లి చెయ్యలే. "తమ్ముడు దూరంకెల్లి వచ్చిండు, చాయన్న పెట్టనియ్యుర్రి" అని వంటింట్లకు పోయింది. ఎనుకనే అన్న పోయిండు, నేను పోయిన.

వదినె పొయ్యి ముట్టిచ్చింది. పొట్టు పొయ్యి. అప్పట్ల అందరి ఇండ్లల్ల అదే ఉంటుండె. రేకు డబ్బల పొట్టు గట్టిగ కూరి, నడుమ బొక్క పెట్టి అంటిస్తరు. నల్లటి పొగ గుప్పున లేచింది. వదినె వంగి ఊదుతున్నది, ఊదలేక దగ్గుతున్నది. పక్కన డేరా గుడ్డ సంచి.

"అండ్ల పొట్టు పొయ్యిల పెడ్తున్నవా?" అన్నడు అన్న.

"రోజు దీంతోనే గద వండుతున్న. మెత్తగున్నది, సక్కగ మండదు, పొగ ఎక్కువ" అన్నది వదినె.

డాక్టరు పొట్టు అంటే మేమందరం దాలాన్ అనుకున్నం. అక్కడ పట్టిందంత ఇక్కడ పొగై ఆమె గుండెలకే పోతున్నది. పొట్టును పారబోసే అలవాటు మా ఇండ్లల్ల ఏడుంది?

"పొగ పడ్తలేదని ఒక్క మాట చెప్పొద్దా నాకు?" అన్నడు అన్న.

"నాకోసం గింత కష్టపడి పట్టినవ్. పారబోస్తే నీ మనసు నొస్తదనుకున్న."

అన్న గోనెపట్టతోని ఆ మండే పొయ్యిని ఎత్తి గల్లీల పెట్టొచ్చిండు. వదినె ముందర కూలవడి బోరున ఏడ్చిండు. "నా చేతులతోనే నీకు ఊపిరాడకుండ చేసిన గదనే!"

వదినె కొంగుతోని ఆయన మొఖం తుడిసింది. ఆమె కండ్లల్ల నీళ్ళు కూడ ఆగుతలేవు.

"అయితే ఆ రిక్షాను పొమ్మను" అన్నది.