బాపు తెచ్చిన ముల్కీ కాగితం

పోయిన నెలలో, పింఛను కోసం ఇంకా బతికే ఉన్నానని సంతకం పెట్టి రావడానికి, గన్‌ఫౌండ్రీలో మా బ్యాంకుకు వెళ్ళాను. పక్కనున్న జిరాక్సు దుకాణంలో నా ముందు నిలబడిన అమ్మాయి ఒక పెద్ద సర్టిఫికెట్ల కట్టకు నకళ్ళు తీయించుకుంటోంది. ఎందుకమ్మా ఇన్ని అని అడిగితే, విదేశంలో పిహెచ్‌.డి.కి సీటు వచ్చిందనీ, చదువు ఖర్చంతా ఆ యూనివర్సిటీయే పెట్టుకుంటుందనీ ఎంతో మామూలుగా చెప్పింది. దీవించాను. దీవించి, వచ్చిన పని కూడా మరచిపోయి, బయటికి వచ్చి బ్యాంకు మెట్ల మీద కూలబడ్డాను. నా ఈడు వాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు. కొన్ని మాటలు యాభై ఏళ్ళ తర్వాత విన్నా నిన్నటివిలాగే ఉంటాయి.

మేమప్పుడు నాంపల్లి స్టేషను దగ్గర ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. బాపు ఒక బడిలో లెక్కల పంతులు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి చేరిన అత్త, అంటే బాపు చెల్లెలు, నన్ను పెంచింది. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, మోదుగుపూల రంగు నూలు మీద వెలిసిపోకుండా నిలబెట్టడమెట్లా అని రెండేళ్ళు దానితోనే కుస్తీ పట్టాను. ఇంట్లో తువ్వాళ్ళన్నీ పసుపు పచ్చగా మారిపోయినా అత్త ఒక్కనాడూ విసుక్కోలేదు. ఆ పని గురించి నాలుగు పేజీలు రాసి, ఇంగ్లండులో రంగుల రసాయనం చెప్పే ఒక ప్రొఫెసరుకు పంపితే, మూడు నెలలకు ఆయన తన చేత్తో రాసిన జవాబు వచ్చింది, నా దగ్గరికి వచ్చి పిహెచ్‌.డి. చెయ్యి, నీకు చోటు ఉంచుతాను అని. ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని, దుకాణాల అద్దాల వెనక వేలాడే ఓవర్‌కోట్లు చూసుకుంటూ, ఏ పనీ లేకుండా అబిడ్స్ అంతా రెండుసార్లు తిరిగాను.

సీటు వస్తే చాలదు కదా. ఓడ ఎక్కడానికీ, అక్కడ మూడేళ్ళు బతకడానికీ సర్కారు వజీఫా కావాలి. స్కాలర్‌షిప్పును అప్పట్లో మేమంతా వజీఫా అనే అనేవాళ్ళం. అది ముల్కీలకే, అంటే నిజాం రాజ్యపు సొంత జనానికే ఇస్తారు. తాతముత్తాతల నుంచి మాది ఓరుగల్లు వైపు పల్లె. కాని అమ్మ పుట్టిల్లు బెజవాడ, తొలికాన్పు అక్కడే జరిగింది గనుక, నేను పుట్టిన చోటు కాగితాల్లో ఇంగ్లీషువాళ్ళ ఇలాకాలో పడింది. నాంపల్లి దఫ్తరులో ఆ కాగితాలు చూసే గుమస్తా తెలుగువాడే, మంచివాడే.

"పుట్టింది గాడ, వజీఫా గీడ అంటే ఎట్లయితది పంతులుగారూ? తాతల కాలం నుంచి మీరు మా ఊరోళ్ళే అని మీ పట్వారితోని రాయించుకొని రాండ్రి," అన్నాడు.

బాపు ముఖం నల్లబడింది. ఊరి భూముల లెక్కలు రాసే ఆ పట్వారీ మా పెద్దబాపే, బాపుకు తోడబుట్టిన అన్న. ఇద్దరికీ మాటలు లేక పన్నెండేళ్ళయింది. తాత పోతూ పోతూ, బావి కింది పొలం అత్తకు ఇవ్వమన్నాడని పంపకాలనాడు బాపు పెద్దమనుషుల ముందు చెప్పాడు. అదంతా కట్టుకథ అన్నాడు పెద్దబాపు. తాత మాట విన్న మూడో మనిషి లేడు. ఆనాడే బాపు, మళ్ళీ ఈ గడప తొక్కనని చెప్పి, చెల్లెలిని వెంటబెట్టుకుని పట్నం వచ్చేశాడు.

దరఖాస్తుకు ఎనిమిది రోజులే గడువుంది. రెండు రోజులు బాపు ఆ ఊసే ఎత్తలేదు. మూడోనాడు పొద్దున్న అన్నం ముందు కూర్చుని, ఇరవై నాలుగేళ్ళ వయసులో ఉండే మూర్ఖత్వంతో నేను అన్నాను: "నీ పంతం నా చదువుకన్న ఎక్కువైందా, బాపూ?"

ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. అత్త అరుగు దాకా వెంట వెళ్ళి ఏదో చెప్పింది, నాకు వినబడలేదు. మధ్యాహ్నం బండికి ఊరికి వెళ్ళి, నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు. సంచిలోంచి తీసిన కాగితం నేను దాదాపు లాక్కున్నాను. సంతకమూ ముద్రా ఉన్నాయా అని చూసుకుని దఫ్తరుకు పరుగెత్తాను. బాపు ముఖం చూడలేదు. అంత తొందర నాది.

వజీఫా వచ్చింది. కమిటీ ముందు నేను రంగు వేసిన నూలు కండెలు పెట్టి చూపించాను, వారం తిరక్కుండా జాబితాలో నా పేరు చేరింది. బాపు మొజంజాహీ మార్కెట్‌నుంచి అంగూర్ల బుట్ట తెచ్చి వీధంతా పంచాడు. అబిడ్స్‌లో ఉన్నికోటు కుట్టించుకున్నాను. ఓడ ఎక్కడానికి ఇంకా అయిదు వారాలుందనగా రెండో ప్రపంచయుద్ధం మొదలైంది. ప్రయాణాలు ఆగిపోయాయి, పరిస్థితి చక్కబడ్డాక చూద్దామని దఫ్తరు వాళ్ళు రాశారు. నేను ఒక కాలేజీలో పిల్లలకు గాజు గొట్టాలు పట్టుకోవడం నేర్పే చిన్న ఉద్యోగంలో చేరాను. ఏటేటా వెళ్ళి అడిగేవాణ్ణి, ఏటేటా అదే జవాబు. యుద్ధం నాలుగో ఏట బాపుకు విషజ్వరం వచ్చి, దవాఖానలో పదకొండు రోజులుండి, పోయాడు.

కర్మలన్నీ అయిన తర్వాత ఒకనాడు, బాపు పంతం మానుకుని ఊరికి పోవడం నావల్లేనని నేను కొంచెం గొప్పగానే అన్నాను కాబోలు, అత్త బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"పంతం మానుడు కాదు బిడ్డా. మూడు దినాలు అరుగు మీదనే కూసోపెట్టిండట మీ పెద్దబాపు. పొలం ముచ్చట అబద్ధమని పదిమందిల ఒప్పుకుంటేనే సంతకం పెడతనన్నడట. ఒప్పుకున్నడు మీ బాపు. తప్పు నాదే అన్నడు."

నువ్వేమన్నావత్తా అని మాత్రం అడగగలిగాను.

"నేనేమంట? ఊరికి పొయ్యేటప్పుడు నేనే చెప్పిన గద, ఆ పొలం నాకొద్దు, పిలగాని చదువు చూడమని."

యుద్ధం ముగిసిందో లేదో నాంపల్లి దఫ్తరుకు వెళ్ళాను. వజీఫాకు పెట్టిన వయసు పరిమితి నేను దాటిపోయాను. ప్రొఫెసరుగారికి రాస్తే, ఆయన కాలం చేశారని ఎవరో రెండు ముక్కలు టైపు చేసి పంపారు. ఇక మిగిలింది ఒక్కటే అనిపించి ఊరికి వెళ్ళాను, బాపు ఆనాడు అబద్ధమాడలేదని అదే పదిమంది ముందు పెద్దబాపు చేత చెప్పించాలని. ఆయన నులకమంచం మీద, పక్షవాతం వచ్చి, పడి ఉన్నాడు. ఎంతో సంతోషంగా నా చెయ్యి పట్టుకున్నాడు. నేను వచ్చిన పని చెపితే చాలాసేపు ఆలోచించి, "ఏ పొలం, బిడ్డా?" అన్నాడు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. ఆయన్ని ఏమనను? చెయ్యి విడిపించుకుని వచ్చేశాను. ఆ మరుసటేడు ఆయనా పోయాడు, ఆ తర్వాత కొన్నేళ్ళకు అత్త.

రిటైరయ్యే దాకా పిల్లలకు కెమిస్ట్రీ చెప్పాను. వాళ్ళలో డాక్టరేట్లు తెచ్చుకున్న వాళ్ళున్నారు, నేను మాత్రం మళ్ళీ దేనికీ దరఖాస్తు పెట్టలేదు. ఇప్పుడు ఆ దఫ్తరు లేదు, ఆ రాజ్యమే లేదు. పట్వారీలను కూడా తీసేశారు. ఊళ్ళో ఆ పదిమందీ ఎప్పుడో వెళ్ళిపోయారు, వాళ్ళ పిల్లలకు మా ఇంటిపేరు కూడా తెలియదు. మా బాపు అబద్ధమాడలేదని చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. ఇన్నేళ్ళలో ఆ మాట నన్నెవరూ అడగలేదు.