ఇంటర్వెల్ దాకా చెప్పిన మొగులమ్మ

1984 ఉగాది వెళ్లిన ఆదివారం నాడు ముత్తంగి సినిమా సంఘం గోడ మీదికి మొట్టమొదటిసారి ఒక ఆడమనిషి చెప్పిన సినిమా ఎక్కింది. అది మొగులమ్మ సాధించిన మొదటి గెలుపు. రెండేళ్లు వరసగా ఓడిపోయి, మూడో ఏడు గెలిచింది. ఊరికే వచ్చి ఒళ్లో పడ్డ గెలుపు కాదు.

దాని విలువ తెలియాలంటే ముందు సంఘం పద్ధతి తెలియాలి. పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాక, ముత్తంగి పొలాల్లో పనిచేసేవాళ్లూ, బొల్లారం మందుల కంపెనీలకు షిఫ్టు బస్సెక్కేవాళ్లూ కలిసి పెట్టుకున్న సంఘం ఇది. నెలలో రెండో ఆదివారం పప్పుల వ్యాపారి సోమేశ్వర్ గోదాములో తెల్లగుడ్డ కట్టి సినిమా వేస్తారు. మిషను నడిపేది వీర్రాజు. కోస్తా నుంచి వెల్డింగు పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన మనిషి. ఏడాదికి పన్నెండు సినిమాలు. ఏవి వేయాలన్నది ఉగాది తర్వాతి ఆదివారం అందరూ కూర్చుని తేలుస్తారు.

తేల్చడానికి అధ్యక్షుడు భీమశంకరం ఒక నియమం పెట్టాడు. ఆయన పోస్టుమాస్టరుగా చేసి దిగిపోయినవాడు, నియమం లేనిదే మంచినీళ్లు కూడా తాగడు. సినిమా కావాలన్నవాళ్లు లేచి నిలబడి దాని కథ చెప్పాలి. ఇంటర్వెల్ దాకానే చెప్పాలి. అక్కడ ఆపేసి కూర్చోవాలి. వింటున్నవాళ్లలోంచి "ఆ తర్వాత?" అని కేక వస్తే ఆ సినిమా పేరు, వేసే తేదీ సంఘం గోడ మీదికి ఎక్కుతాయి. ఎవరూ నోరెత్తకపోతే అది అంతటితో సరి. పన్నెండుకు మించితే కేక పెద్దగా వచ్చినవే నిలుస్తాయి.

మొదటి ఏడు మొగులమ్మ లేచి నిలబడి ఒక సినిమా చెప్పబోయింది. హీరో పేరు మరిచిపోయి "గాయన, గాయన" అంటూ నడిపించింది. ఎవరూ ఏమీ అడగలేదు, వెనక వరసలో ఒకాయన ఆవలించాడు. రెండో ఏడు ఎంత బాగా చెప్పిందంటే ఆమెకే ఆపబుద్ధి కాలేదు. ఇంటర్వెల్ దాటిపోయింది, కొట్లాట దాటిపోయింది, తప్పిపోయిన కూతురు దొరికేదాకా చెప్పి చెంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పటికి జనం కూడా ఏడుస్తున్నారు.

"ఇగ సూసేటిదేమున్నది మొగులమ్మా?" అన్నాడు సోమేశ్వర్. "పుణ్యానికి సిన్మా సూపిచ్చినవ్. వీర్రాజుకు మిషను మోసే పని గూడ తప్పె."

ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. మొగులమ్మ పటాన్‌చెరు పరిశోధన పొలాల్లో కూలికి పోయేది. పూతకు వచ్చిన జొన్న కంకుల మీద పక్క రకం పుప్పొడి పడకుండా కాగితం సంచులు తొడగడం అక్కడ పని. ఆ ఏడంతా సంచులు తొడుగుతూనే కథ ఆపడం నేర్చుకుంది. సాలు మొదట్లో సినిమా మొదలు పెట్టేది. సాలు చివర చివరి కంకికి సంచి తొడిగేసరికి ఇంటర్వెల్ రావాలి. వచ్చిందా, నోరు కట్టేసుకుని పక్క సాలులోకి నడిచేది. "ఆ తర్వాతేమైందే?" అంటూ ఆడవాళ్లంతా చెప్పకుండానే ఆమె వెనక పక్క సాలులోకి వచ్చేవాళ్లు. ఆ ఏడు ఆ కూలీల ముఠా పని అన్ని ముఠాల కంటే ముందు సాగిందంటే, అందులో మొగులమ్మ చేసింది తక్కువేమీ కాదు.

అట్లా 1984లో గెలిచింది. మరుసటి ఏడు ఆమె చెప్పినవి రెండు ఎక్కాయి. 1986లో గోదాము ముందు భాగంలో సగం చాపలు ఆడవాళ్లకని తీర్మానం చేయించింది. అంతకు ముందు వాళ్లు పప్పు బస్తాల సందుల్లోంచి తలలు చాపి చూసేవాళ్లు. 1987లో మూడు సినిమాలు ఎక్కించి, గోదాము యజమాని సోమేశ్వర్ చెప్పిన ఫైటింగు సినిమాను ఆయన గోదాములోనే ఓడించింది. ఇన్ని చేసినా అసలు చెప్పాలనుకున్న సినిమాను మాత్రం కడుపులోనే దాచుకుంది. దాన్ని 1988 మార్చి 20న బయటపెట్టింది.

ఆ రోజు గోదాము కిటకిటలాడింది. మొదట సోమేశ్వర్ లేచి ఒక సినిమా చెప్పాడు. కవలపిల్లలు, గొలుసు, పగ, అన్నీ ఉన్నాయి. "ఆ తర్వాత?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అందులో ఒకరు ఆయన అల్లుడు. అప్పుడు మొగులమ్మ లేచింది.

"నా పెండ్లయిన కొత్తల బీదర్ దిక్కు చెరుకు కొట్టనీకి పోయిన," అని మొదలుపెట్టింది. "గాడ డేరాల సూసిన సిన్మా ఇది. కన్నడ సిన్మా. కరువు ఊరు. ఒకామె ఉన్నది. మొగడు పట్నం పోయి మల్ల రాలె. ఆమెకు ఉన్నదల్ల ఒక్క ఎద్దు. ఒకనాడు తెల్లారి లేసి సూస్తే కొట్టంల ఎద్దు లేదు. దాని మెడల గంట మటుకు గుంజకు ఏలాడుతున్నది. సప్పుడైతదని దొంగ గంట ఇప్పి పెట్టి పోయిండు."

గోదాములో చుట్టలు ఆరిపోయాయి.

"ఆమె గా గంట వట్టుకొని ఎల్లింది. ఈ సంత, ఆ సంత. ఏడ ఎద్దు కండ్లవడ్డా దాని ఎనక నిలబడి గంట మోగిస్తది. తన ఎద్దయితే తలెత్తుతదని. ఒక్కటన్న ఎత్తదు. కాళ్లు పగిలినయి, చీర పీలికలైంది. ఆఖరికి ఒక ఊరి సివర పెద్ద ఇల్లు. పొద్దు గూకింది. తలుపు మూసున్నది. ఆమె సోలిపోయి గోడకు ఒరిగింది, చేతుల గంట జెర మోగింది. లోపటికెల్లి ఎద్దు రంకేసింది. మల్ల మోగిచ్చింది. మల్ల రంకేసింది. ఇగ తలుపు గుద్దింది. లోపట గడియ తీస్తున్న సప్పుడు. తలుపు ఇంత తెరుసుకున్నది. దీపం ఎలుగు ఆమె మొకం మీద వడ్డది. తలుపు తీసినోళ్లను సూసి ఆమె చేతిలకెల్లి గంట కింద వడ్డది."

ఆమె కూర్చుంది.

"ఆ తర్వాత?" అన్న కేకకు గోదాము రేకులు అదిరాయి. సోమేశ్వర్ కూడా అరిచాడు. అరిచాక అటూ ఇటూ చూశాడు. "ఎవలే? తలుపు తీసిందెవలే?" అని ఆడవాళ్లు ఆమె భుజాలు పట్టుకుని ఊపారు.

"నాకు తెల్వది," అంది మొగులమ్మ.

ఆమె మళ్లీ లేచి నిలబడింది.

"ఇంటర్వెల్‌కు చెరుకు లారీ వచ్చింది. లోడు జేయాలె రమ్మని మేస్త్రి మా అందర్ని లేపుకపోయిండు. తెల్లారి మమ్ముల వేరే ఊరికి తోలిన్రు. ఇర్వై ఏండ్లాయె, ఆమె చేతిల గంట ఎందుకు వడ్డదో నాకు తెల్వది. గందుకే తెప్పియ్యమంటున్న."

నవ్వులు, తిట్లు, చప్పట్లు కలిసిపోయాయి. సోమేశ్వర్ లేచి నిలబడ్డాడు. "ఇది మోసం సారూ. సగం సూసిన సిన్మాను ఎట్ల రాస్తరు? పేరన్న తెల్సా?"

"తెల్వది. మేం పోయేసరికే మొదలైంది."

"అందరికీ కన్నడం ఎట్ల అర్థమైతది?"

"ఎద్దుకు ఏ భాష సేటూ? గంటకు ఏ భాష?"

అందరూ భీమశంకరం వైపు తిరిగారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, తనే రాసిన నియమాన్ని తనే ఒకసారి పైకి చదివాడు. "ఇంటర్వెల్ దాక చెప్పాలని ఉన్నది. ఆమె చెప్పింది. ఇంటర్వెల్ అవతల తెలిసుండాలని ఏడ లేదు. ఆ తర్వాత అని అడిగిన్రా లేదా? సోమేశ్వర్, నువ్వు గూడ అడిగినవ్." అంత పాత సినిమా దొరికితే ఊరూరా తిరిగే సినిమా డేరాల్లోనే దొరకాలి, అవి వానలు తగ్గాకే వేస్తారు గనుక డిసెంబరు నెల ఇచ్చాడు. అప్పటికి ఆ సినిమా రీళ్ల పెట్టె దొరక్కపోతే ఆ ఆదివారం సోమేశ్వర్ కవలపిల్లలకు పోతుంది, ఇక మీద సగం చూసిన సినిమాలు సంఘంలో చెప్పడానికి ఉండదు. మొగులమ్మ ఒప్పుకుంది. పేరు తెలియని సినిమాను గోడ మీద రాయడం ఎట్లాగని కాసేపు వాదించుకుని, చివరికి ఇట్లా రాశారు: డిసెంబరు 11, మొగులమ్మ సినిమా.

ఆ రాత అట్లా ఉండగా ఊరికి కుదురు లేకుండా పోయింది. కంపెనీ బస్సుల్లో అదే చర్చ. ఆమె పెనిమిటి అంజన్న బొల్లారంలో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. "తలుపు తీసిందెవడన్నా?" అని షిఫ్టు మారే ప్రతివాడూ ఆయన్నే అడిగేవాడు. "ఇంకెవడు, మొగడే," అనేవాడు అంజన్న. మొగుడు కాదు, అన్న అని ఒకరు. ఊరి పటేలని ఇంకొకరు. బీహారు నుంచి వచ్చిన పనివాళ్లు కూడా ఒక మాట అనుకున్నారు: తలుపు తీసింది దొంగ తల్లి. మొగులమ్మను అడిగితే నవ్వి ఊరుకునేది. ఇరవై ఏళ్లలో వాళ్లందరినీ ఆ తలుపు వెనక నిలబెట్టి చూసింది ఆమె. ఒక్కరిని చూసినా గంట చేతిలోంచి జారిపడేటట్టు అనిపించలేదు.

హైదరాబాదులో పెట్టెలు కిరాయికి ఇచ్చేవాళ్లను వీర్రాజు అడిగి వచ్చాడు. "ఎద్దు, గంట అంటే నవ్వుతున్నారమ్మా. పేరు చెప్పమంటున్నారు," అన్నాడు. అప్పుడు మొగులమ్మ బొంబాయి రోడ్డు పట్టుకుంది. పని నుంచి వస్తూ లారీలు ఆగే హోటలు దగ్గర నిలబడి, బీదరు, గుల్బర్గా బండ్ల డ్రైవర్లు కనిపిస్తే చాలు, ఇంటర్వెల్ దాకా చెప్పేది. చాయలు చల్లారిపోయేవి. తెలియదనేవాళ్లు, తెలిస్తే కబురు పెడతామనేవాళ్లు. దసరా పోయింది, దీపావళి పోయింది. సోమేశ్వర్ తన కవలపిల్లల పెట్టెకు హైదరాబాదులో మాట కూడా ఇచ్చి పెట్టుకున్నాడు.

నవంబరు చివర ఒక సాయంత్రం, కందుల లోడుతో హుమ్నాబాద్ నుంచి వచ్చిన డ్రైవరు మల్లన్న, ఆమె కథ విన్నవాళ్లలో ఒకడు, హోటలు దగ్గర ఆగకుండా నేరుగా మొగులమ్మ ఇంటి ముందే లారీ ఆపాడు. లోడు సోమేశ్వర్‌దే, డ్రైవరు మాత్రం మొగులమ్మ కోసం వచ్చాడు.

"అక్కా, దొరికింది. మా దిక్కు ఒక డేరా ఆయన తాన ఉన్నది. పాత పెట్టె. మొన్న నేను పూరా సూసిన. అక్కా, గా తలుపు తీసినోళ్లు ఉన్నరు సూడు..."

"ఆగు," అంది మొగులమ్మ.

"అరె, ఇను అక్కా. నువ్వు అనుకున్నోళ్లు కాదు. గామె..."

"జెర ఆగు తమ్మీ, నీకు దండం వెడత. చెప్పకు." రెండు చేతులతో చెవులు మూసుకుంది.

అంజన్నకు ఒళ్లు మండిపోయింది. "ఏమే, నీకు మతి ఉన్నదా? ఇర్వై ఏండ్లు నా పానం తీస్తివి. గాయన వాకిట్లకు వచ్చి చెప్తనంటే చెవులు మూస్తవా?"

"ఊరంత ఆగుతున్నది," అంది ఆమె, చేతులు తీయకుండానే. "నేనొక్కదాన్నే తెల్సుకొని గా గోదాంల వాళ్ల నడుమ దొంగ లెక్క కూసోవాల్నా? తెల్సుకుంటే అందరితోని తెల్సుకుంట. నువ్వు గూడ వినకు. నీ మొకం సూస్తే నాకు తెల్సిపోతది."

మల్లన్న లారీ ఎక్కేటప్పుడు అంజన్న వెనక నుంచి వెళ్లి చిన్నగా అడిగాడు, "మొగడేనా?" మల్లన్న నవ్వి బండి స్టార్టు చేశాడు. "అక్క తోని ఎవడు పెట్టుకుంటడే బావా," అన్నాడు.

డిసెంబరు 5, సోమవారం నాడు ఆలుమగలిద్దరూ బయల్దేరారు. జొన్న కంకులకు సంచులు తొడిగే అదను. అయినా ముఠాలోని ఆడవాళ్లు ఆమె సాళ్లు తాము పంచుకుని పంపించారు. సోమేశ్వర్ బస్సు దగ్గరికి వచ్చాడు. హుమ్నాబాద్‌లో తనకు కందులు కొనిపెట్టే ఆడ్తిదారుకు కబురు పెట్టానని, అవసరమైతే వాళ్ల దుకాణంలో ఫోను వాడుకోమని చెప్పాడు.

"ఏంది సేటూ, నీ కవలపిల్లలు ఏమైతరు?" అని అడిగింది మొగులమ్మ బస్సు కిటికీలోంచి.

"వాళ్లు జనవరిల కలుస్తరు తియ్," అన్నాడాయన. "ముందు గా తలుపు సంగతి సూడు. నిద్ర పడ్తలేదు."

గురువారం పొద్దున సోమేశ్వర్ దుకాణంలో ఫోను మోగింది. క్షణంలో దుకాణం ముందు సగం ఊరు చేరింది. అవతల మొగులమ్మ. ఫోనులో మాట్లాడటం ఆమెకు కొత్త గనుక పొలంలో పిలిచినట్టు అరుస్తున్నది, బయట నిలబడ్డవాళ్లకు కూడా వినిపించింది. డేరా ఆయన పెట్టె ఇస్తానన్నాడు. గోదాములో ఎందరు ఎదురుచూస్తున్నారో ఆమె చెబితే, తన డేరాకు కూడా ఇంత జనం రాలేదే అని నవ్వాడట. శుక్రవారం ఆఖరి ఆట అయ్యాక పెట్టె కట్టి ఇస్తాడు.

"మరి రోజూ గాడనే ఉన్నవ్ గద," అన్నాడు సోమేశ్వర్. గొంతు తగ్గించబోయాడు గానీ తగ్గలేదు. "సూసినవా?"

"సూసిన."

దుకాణం ముందు జనం గుమ్మం దాకా తోసుకొచ్చారు.

"నిన్న సూసిన, మొన్న సూసిన. ఇంటర్వెల్ దాక సూసి లేసి బయటికొచ్చి కూసున్న. గంట కింద వడ్డ సప్పుడు ఇర్వై ఏండ్లకు మల్ల ఇన్న సేటూ. నేను చెప్పినట్లనే ఉన్నది, ఒక్క ముక్క తప్పు చెప్పలె."

"అంజన్నో?"

"ఆయనను గూడ చెయ్యి వట్టుకొని గుంజుకొచ్చిన. బయట కూసొని ఇంక తిడ్తనే ఉన్నడు."

సోమేశ్వర్ ఫోను పెట్టేశాడు. గల్లా వదిలి గోదాము తాళం చెవులు తీసుకుని నడిచాడు. ఆ మధ్యాహ్నం ఆయనే దగ్గర నిలబడి కందుల బస్తాలన్నీ వెనక గోడకు పేర్పించాడు, ఇంకో వంద మంది కూర్చునేటట్టు. వీర్రాజు మిషనుకు నూనె వేశాడు. తెల్లగుడ్డకు చాకలి దగ్గర ఇంకోసారి గంజి పెట్టించారు. బొల్లారంలో ఆదివారం సాయంత్రం షిఫ్టు ఉన్నవాళ్లు ఒకరికొకరు బతిమాలుకుని డ్యూటీలు మార్చుకుంటున్నారు. గోడ మీద మొగులమ్మ సినిమా అని ఉన్న చోటికి భీమశంకరం రంగు డబ్బాతో మనిషిని తీసుకొచ్చి, దాని కింద ఇంకో వరస రాయించాడు: పెట్టెతో మొగులమ్మ ముత్తంగి స్టేజీలో బస్సు దిగేది 1988 డిసెంబరు 10, శనివారం.