తెల్ల చాక్‌పీసులే ఎందుకు తగ్గాయంటే

లండన్ శివార్లలోని హారోలో మా ఇంటి దగ్గర ఒక చర్చి హాలు ఉంది. ప్రతి గురువారం పొద్దున అక్కడ చిన్నపిల్లల ప్లేగ్రూప్ నడుస్తుంది. నేను అక్కడ వాలంటీర్‌ని. నాకు అప్పగించిన శాఖ చాక్‌పీసులు. మూడు వారాలుగా తెల్లవి మాత్రమే మాయమవుతున్నాయి.

నాలుగో వారం కర్టెన్ వెనక దొంగ దొరికింది. మూడున్నరేళ్ల పిల్ల. వాళ్లమ్మది వరంగల్. రాత్రంతా ముసలివాళ్ల కేర్ హోమ్‌లో షిఫ్ట్ చేసొచ్చి, కుర్చీలో కూర్చునే నిద్రపోతోంది.

"ఏం తింటున్నావమ్మా?"

"నథింగ్," అంది. మాటతోపాటు తెల్లటి పొడి కూడా వచ్చింది.

కోప్పడాల్సింది పోయి, "ఏ రంగు బాగుంటుంది?" అని అడిగేశాను.

"వైట్. బ్లూ ఈజ్ యకీ."

అనంతపురంలో ఒకటో తరగతి చదివేటప్పుడు నేనూ డబ్బా బలపాలు తిన్నదాన్నే. ఒంట్లో రక్తం లేక అలా తింటున్నానని డాక్టరు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకే ఆ పిల్ల కింది రెప్ప లాగి చూశాను. పాలిపోయి ఉంది. జారుడుబల్ల రెండు మెట్లెక్కితేనే ఆయాసపడే పిల్ల.

తల్లిని లేపి చెబితే భయపడింది. "ఎవలికీ చెప్పకు అక్కా. సోషల్ సర్వీసెస్ వాళ్లు పిల్లను తీస్కపోతరంట."

"ఎవరూ తీసుకుపోరు. జీపీ డాక్టరు దగ్గరికి పోదాం పద."

వాళ్లుండేది షేరింగ్ ఇంట్లో ఒక గది. వంటగదికి రోటా ఉంది, ఒక్కో గదికి ఒక్కో టైము. ఈమె వంతు వచ్చే టైముకి ఈమె డ్యూటీలో ఉంటుంది; రాత్రిపూట పిల్లని పై గది ఆవిడ పడుకోబెడుతుంది. పిల్ల పాలు, బిస్కెట్ల మీద బతుకుతోంది. రక్తపరీక్షలో ఐరన్ బాగా తక్కువని తేలింది. వేరే పరీక్షలో నులిపురుగులు కూడా బయటపడ్డాయి. ఇంట్లో అందరూ ఒకే రోజు మందు వేసుకోవాలన్నారు డాక్టరు.

ఆ మాట మిగతావాళ్లకి చెప్పే పని నా మీద పడింది. పక్క గదిలో ఆరడుగుల ప్లంబర్ ఉంటాడు. తలుపు సగం తెరిచి విన్నాడు.

"నాకు పురుగుల్లేవు," అన్నాడు గంభీరంగా. అంటూనే చెయ్యి వెనక్కి పోనిచ్చి గోక్కున్నాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. అతను ఆ చెయ్యి ముందుకి తెచ్చుకుని, "ఎన్ని మాత్రలు?" అన్నాడు. తలుపు మూసేముందు, సాయంత్రం తన వంటగది వంతు ఆ తల్లికి ఇచ్చేశాడు.

అప్పట్నించి పిల్లకి కోడిగుడ్డు, కీమా, నిమ్మకాయ పిండిన పాలకూర పప్పు. వాటితోపాటు ఐరన్ మందు. ఆ మందుకి దొడ్డికి నల్లగా అవుతుంది. ఆ సంగతి పిల్ల దాచుకోలేదు. పిల్లలంతా గుండ్రంగా కూర్చుని తమ వార్తలు చెప్పే వేళ లేచి నిలబడి ప్రకటించింది. తర్వాత ప్లేగ్రూప్ నడిపే అరవయ్యేళ్ల ఇంగ్లీషావిడ వైపు తిరిగి, "మీది ఏ కలర్?" అని అడిగింది.

"నాది మామూలేనమ్మా," అందావిడ, టీ కప్పు కింద పెట్టి.

కొన్ని నెలలకి రెండో రక్తపరీక్ష బాగానే వచ్చింది. ఆ వారమే నా దగ్గరికొక ఫిర్యాదు వచ్చింది. ఈ పిల్ల జారుడుబల్ల మీద ఇద్దర్ని తోసేసి, మూడోసారి తనే ఎక్కిందట. వాళ్లమ్మ తలవంచుకుని సారీ చెప్పింది. నేనూ చెప్పాను కానీ, నవ్వు ఆపుకోలేక స్టోర్‌రూమ్‌లోకి పోవాల్సొచ్చింది.