తాళింపు లేని వారం

మొన్న పై వాటాలోంచి ఎండుమిరపకాయలు వేగే ఘాటు మా వరండాలోకి దిగింది. దగ్గుతూనే నారాయణమ్మత్తను తలచుకున్నాను. ఆమె నాకు బంధువు కాదు. చింతామణి దగ్గర మా ఊళ్ళో పక్కింటావిడ. నేను బాగేపల్లి వైపు నుంచి కోడలిగా వచ్చాను. మా పుట్టింట పట్టుపురుగులు మేపడం ఎరుగరు. డెబ్బయ్యో దశకం చివర్లో మేము వేరుపడి మేపిన మొదటి పంట అది. అది పోతే ఆ ఏడాదికి మాకు మరో ఆధారం లేదు. పురుగులు గూడు కట్టే ముందటి వారం ఎంత ఆకు వేసినా చాలదు. మా ఆయన మల్బరీ తోటలో ఆకు కోస్తుంటే నేను ఇంట్లో పురుగుల తట్టల దగ్గర ఉండేదాన్ని. ఒక మధ్యాహ్నం పిల్లలిద్దరూ బడి నుంచి వచ్చేసరికి వంట కాలేదు. గబగబా పప్పు దించి మిరపకాయలతో తాళింపు పెట్టాను. గోడవతల నుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఏమ్మా, పురుగులకు గూడా కారం పెడతాండావా? ఆ పొగకు అవి మేత ఇడిచేస్తాయి. తలుపులు తియ్యి."

"పిల్లోళ్ళు ఆకలంటాండారత్తా."

"వాళ్ళను మా ఇంటికి పంపు. నువ్వు తట్టలు చూసుకో."

తలుపులు తీసి, పిల్లలను ఆమె ఇంటికి పంపాను. పురుగులు మేత మాని, కదలకుండా తలలెత్తి ఉండిపోయాయి. తట్టల మధ్య నిలబడి నరసింహస్వామికి దండం పెట్టుకున్నాను. పొద్దుగూకే వేళకు ఆకు కొరికే చప్పుడు మళ్ళీ మొదలైంది. స్వామి దయే అనుకున్నాను. ఆ దయ పక్కింటి గొంతుతో వచ్చిందని కూడా అనుకున్నాను.

మరునాడు ఆమె తన పెరట్లో ధనియాలు, జీలకర్ర, మిరపకాయలు వేయించి వారానికి సరిపడా పొడి కొట్టించింది. మా పొయ్యి మీద కందిపప్పు, ఆకుకూర ఒకే కుండలో ఉడికించమంది. ఉడికిన నీళ్ళు పారబోయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"యాడ పోస్తాండావు? సగం వంట దాంట్లోనే ఉండాది."

ఆ నీళ్ళలో చింతపండు, పొడి వేస్తే సారు. అడుగున మిగిలినదానికి ఉప్పు, కొబ్బరి కలిపితే కూర. పక్కన రాగిముద్ద.

"తాళింపు లేదంటే ఆయన ఏమంటాడో అత్తా."

"కావాల్నంటే పురుగులను ఆయన్నే మేపమను. నువ్వు తాళింపు పెట్టుకుంటా కూర్చో."

ఆయన రెండోసారి సారు పోయించుకున్నారు. పంట దక్కింది. కృతజ్ఞతగా ఆమె కాళ్ళకు దండం పెట్టబోతే, "వంగింది చాలు, తట్టలు కడుగు పో" అంది.

ఆ వంట నా కోడళ్ళకూ వచ్చు. పొద్దున్నే పనులకు పరుగెత్తే ఇరుగుపొరుగు అమ్మాయిలకూ నేర్పాను. అయితే ఎవరైనా వంట తెమల్లేదని నొచ్చుకుంటూ నా దగ్గరకు వస్తే, ఎలా చేయాలో తర్వాత చెబుతాను. ముందు వాళ్ళ పిల్లలను పిలిచి కంచాలు పెడతాను.