ఎనిమిదో నంబర్ ఏసీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దానికి తోడు ఇంకో జబ్బు కూడా ఉంది, నవ్వకూడని చోట నవ్వు వస్తుంది. హోసూరులో మత్తిగిరి రోడ్డు మీద ఆ కొత్త ఆఫీసు బిల్డింగు అప్పగించిన రోజు ఈ రెండూ కలిసి నన్ను ఒక ఆట ఆడించాయి.

మా పని చెప్పుకోవడానికి పెద్దదేమీ కాదు. బిల్డింగులోని ఏసీలన్నిటినీ ఒక వైరుతో కలిపి కంట్రోల్ రూములో ఉన్న కంప్యూటర్‌కు అప్పజెబుతాం. ఆ తర్వాత రిమోట్లు వెతుక్కునే బాధ ఉండదు. ఏ గదిలో చల్లగాలి రావాలో, ఎప్పుడు ఆగాలో అక్కడ కూర్చునే చూసుకోవచ్చు. మధ్యలో గేట్‌వే అని చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఏసీల మాట కంప్యూటర్‌కు, కంప్యూటర్ మాట ఏసీలకు చేరవేసేది అదే. అది ప్రతి ఏసీనీ ఒక నంబరుతో పిలుస్తుంది. ఈ బిల్డింగులో ఏసీలు పదహారు. ఆ పెట్టెకు తెలిసిన నంబర్లు కూడా ఒకటి నుంచి పదహారు వరకే.

ఏళ్ల తరబడి ఎవరో ఒక సీనియర్ వెనకాల ల్యాప్‌టాప్ బ్యాగు మోసుకుంటూ తిరిగాను నేను. మొదటిసారి ఒక బిల్డింగు పూర్తిగా నా చేతికి వచ్చింది, అదీ వేరే ఎవరూ ఖాళీగా లేక. ఆ పొద్దున్నే మా బాస్ బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "సాయంత్రం లోపల అయిపోతే సరి, లేకపోతే రేపు సీనియర్‌ను పంపిస్తాను, నువ్వు పక్కనుండి సాయం చేద్దువు" అన్నారు. పక్కనుండి సాయమట. అరికాలి మంట నెత్తికెక్కింది. "అయిపోతుంది సార్" అన్నాను, ఎంతో మర్యాదగా.

ఏసీలు బిగించిన మేస్త్రీ మత్తూరు వైపు మనిషి. నాకన్నా బాగా పెద్ద, అన్నా అని పిలుస్తాను. నేను కంట్రోల్ రూములో మౌస్ నొక్కుతుంటే ఆయన ఒక్కో గదిలో ఏసీ కింద నిలబడి ఫోన్లో చెప్పాలి. ఒకటి నొక్కాను. "గాలి వచ్చినాదమ్మా" అన్నాడు. రెండోది కంట్రోల్ రూము ఏసీ, నా నెత్తి మీదే ఉంది, నొక్కగానే నా జుట్టు ఎగిరింది. ఏడు దాకా అన్నీ మాట విన్నాయి. నాకు కుర్చీలో కుదురు నిలవలేదు. చక్రాల కుర్చీలోనే గిర్రున ఒక చుట్టు తిరిగాను, చూసేవాళ్లు లేరు కదా అని.

ఎనిమిది నొక్కాను. జవాబు లేదు. క్యాంటీన్ ఏసీకి వైరు వదులై ఉంటుందిలే అనుకుని తొమ్మిది నొక్కాను.

"మేనేజరు రూములో వచ్చిందా అన్నా?"

"లేదమ్మా, ఈడ ఏమీ లేదు. క్యాంటీన్లో వస్తా ఉంది."

పది నొక్కితే మేనేజరు గదిలో వచ్చింది. అక్కడి నుంచి అన్నీ అంతే, నేను ఒకరిని పిలిస్తే పక్కింటివాళ్లు పలుకుతున్నారు. చివరిదైన పదహారు ఓనరు గది. ఓనరు తొలి గాలి తనకే తగలాలని అప్పటికే పైన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నొక్కాను. పక్కనున్న మీటింగ్ హాలు చల్లబడింది. ఆయన గదిలో ఏసీ మాత్రం ఏ నంబరు నొక్కినా ఉలకదు, పలకదు. సీనియర్ రేపు బ్యాగు నా చేతికిచ్చి ముందు నడుస్తున్నట్టే కనిపించింది.

మెట్లెక్కి పైకి పరుగెత్తాను. మేస్త్రీ చేత ఓనరు గది ఏసీ కవరు తీయించి చూశాను. నంబరు తిప్పే చిన్న స్క్రూలు పదిహేడు మీద ఉన్నాయి.

"పదిహేడు ఎట్లా వచ్చిందన్నా?"

"వరసగానే పెట్టినానమ్మా."

"వరసగా పెడితే పదహారుతో ఆగాలి కదా?"

"ఎనిమిది వదిలేసినాను కదా. అది రాశి లేని నంబరు, అచ్చిరాదు."

"నాకు చెప్పలేదే?"

"ఇది చెప్పాల్సిన పనా అమ్మా? ఎనిమిది ఎవరు పెడతారు యాడైనా?"

తిడదామని నోరు తెరిస్తే నవ్వొచ్చింది. బండి నంబరు కూడితే ఎనిమిది రాకూడదని ఆర్టీఓ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగే ఊరు మాది. మా ఇంట్లో స్కూటర్ కొన్నప్పుడు నేనూ తిరిగాను. ఆయన్ను ఏమని తిట్టేది? నిచ్చెన పట్టుకుని కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వాను. "నవ్వద్దమ్మా" అన్నాడు మేస్త్రీ, నొచ్చుకుని.

మిగతా గదుల పేర్లు కంప్యూటర్లో మార్చుకుంటే చాలు, కూర్చున్న చోటే అయిపోతుంది. ఈ పదిహేడును మాత్రం పెట్టె గుర్తుపట్టదు. ఖాళీగా ఉన్నది ఎనిమిది ఒక్కటే. ఆ మాట చెప్పగానే మేస్త్రీ నిచ్చెన దిగేశాడు.

"ఓనర్ సారు నెత్తిన ఎనిమిది పెట్టేదానికి నాకు చెయ్యి రాదు."

ఓనరు అంతా వింటూనే ఉన్నారు. మొన్నమొన్నటి దాకా ఇదే నేలలో రోజా తోట పెంచిన రైతు ఆయన. "నాకొద్దమ్మా, మీటింగ్ హాలుకు పెట్టు" అన్నారు. అంతలోనే, "వద్దు వద్దు, ఆడ బ్యాంకోళ్లు కూర్చుంటారు. క్యాంటీన్‌కు పెట్టు. అదీ వద్దు, అన్నం తినే చోటు" అన్నారు. అలా బిల్డింగంతా ఒక చుట్టు తిరిగొచ్చారు.

"నా గదికున్న రెండో నంబరు మీరు తీసుకోండి సార్. ఎనిమిది నేను పెట్టుకుంటాను" అన్నాను.

"భయం లేదా అమ్మా నీకు?"

"ఉంది సార్. ఎనిమిదంటే కాదు, మా బాసంటే. సాయంత్రానికి కాకపోతే రేపు వేరే ఇన్‌చార్జ్ వస్తాడు, నేను మళ్లీ బ్యాగు మొయ్యాలి."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. మేస్త్రీ ఓనరు ఏసీకి రెండో నంబరు సంతోషంగా తిప్పాడు. కంట్రోల్ రూముకు వచ్చాక మాత్రం నిచ్చెన పట్టుకుని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేనే ఎక్కి ఎనిమిది పెట్టాను. మిన్ను విరిగి మీద పడలేదు.

పేర్లన్నీ సరిచేసి, అన్నిటినీ ఒక్కసారే నొక్కాను. తెర మీద పదహారు పచ్చ చుక్కలు వెలిగాయి. మేస్త్రీ గది నుంచి గదికి ఉరుకుతూ, "ఈడ వచ్చినాది, ఈడా వచ్చినాది" అని ఫోన్లో చెబుతూనే ఉన్నాడు. ఎగిరి గంతేయాలనిపించింది, వేశాను కూడా. అప్పుడే కిందికి దిగి వస్తున్న ఓనరు చూశారు. చూస్తే చూశారులే అనుకున్నాను.

ఆయన చేతిలో ఫోన్ మోగింది. మా బాస్. స్పీకరులో గొంతు నాకూ వినిపిస్తోంది. "పని ఆగిపోయి ఉంటే ఏమీ అనుకోవద్దు సార్, రేపు మా ఇన్‌చార్జ్‌ను పంపిస్తాను."

"ఎందుకప్పా? ఇన్‌చార్జ్ ఈడే ఉంది, మాట్లాడు" అని ఓనరు ఫోన్ నా చేతిలో పెట్టారు.

"హలో, ఎవరు మాట్లాడేది?" అన్నారు బాస్.

నవ్వు ఆపుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"ఇన్‌చార్జ్‌ని సార్" అన్నాను.