మస్తాన్ బాబాయి అడిగిన ప్రశ్న

మొన్న నల్లపాడులో రైల్వే గేటు పడి బండి ఆపుకున్నప్పుడు, పక్క షెడ్డులోంచి పాత గేర్ ఆయిల్ వాసన గుప్పున కొట్టింది. రోజంతా మిర్చి ఘాటులో తిరిగే నా ముక్కుకి ఇంకో వాసన పట్టడం అరుదు. కానీ గంధకం కాల్చినట్టుండే ఆ వాసన తగిలితే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట వెనకే మస్తాన్ బాబాయి గుర్తొస్తాడు. బాబాయి అని పిలవడమే గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. నల్లపాడు రోడ్డులో రేకుల షెడ్డు వేసుకుని, జీవితమంతా డీజిల్ బండ్లు బాగుచేసిన మెకానిక్కు. పోయినేడు చనిపోయాడు.

ఆయన దగ్గరికి వెళ్లేనాటికి నేను పాత పికప్ బండి కొని మూడు నెలలైంది. పల్లెల్లో కళ్లాల దగ్గర మిర్చి బస్తాలు ఎక్కించుకుని గుంటూరు యార్డులో దించడం నా పని. నేను లైసెన్సు తీసుకున్నప్పుడు నవ్వినవాళ్లే తర్వాత తమ మిరపకాయ ఎత్తమని కబురు పెట్టారు. కానీ బండి డీజిల్ తాగేసేది. అమ్మినతను చెప్పిన మైలేజీలో సగం కూడా రాలేదు. పొద్దున్నే మొదటి గేరు వేయాలంటే భుజం నొప్పెట్టేది. రెండో గేరు కరకరమంటే గానీ పడేది కాదు. బండి అమ్మినతని కొట్టుకి రెండుసార్లు వెళ్లాను. బండి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. "బండి బంగారమమ్మా. ఆడవాళ్ల డ్రైవింగు కదా, క్లచ్ మీద కాలు తియ్యరు" అన్నాడు. అక్కడ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. ఇంటికొస్తే మా ఆయనా అదే పాట. అంతకన్నా సిగ్గుచేటు, నేనూ నమ్మాను. పెడల్ మీద కాలు ఆనితే తెలియాలని చెప్పులు విప్పి, వట్టికాళ్లతో తోలాను. గేరు అరిచినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకున్నాను. బండి అమ్మేసి ఇంటిపట్టున ఉండమని మా ఆయన బేరగాణ్ణి కూడా చూశాడు.

అమ్మే ముందు ఒకసారి చూపిద్దామని మస్తాన్ బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను. నాకు తోలడం సరిగా రాదేమోనని నేనే ముందు చెప్పుకున్నాను. ఆయన పక్క సీటులో కూర్చుని, పేరేచర్ల దాకా పోయొద్దాం తోలమన్నాడు. వచ్చాక, బ్రేకు గట్టిగా తొక్కకుండా బండిని దానంతటదే ఆగనిమ్మన్నాడు. దిగి ఒక్కో చక్రం దగ్గర చేతి వెనక వైపు ఆనించి చూశాడు. వెనక కుడిచక్రం దగ్గర చెయ్యి చప్పున లాక్కున్నాడు. నన్నూ పెట్టి చూడమన్నాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా ఉంది. జాకీ పెట్టి ఎత్తి, ఆ చక్రాన్ని ఇద్దరం కలిసి తిప్పబోయాం. అతికష్టం మీద గానీ కదల్లేదు. నేను తొక్కకపోయినా లోపల బ్రేకు పట్టేసి ఉంది. మూడు నెలలుగా ఇంజను ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ తిరుగుతోంది. డీజిల్ తాగక ఏం చేస్తుంది?

తర్వాత గేర్ల సంగతికొచ్చాడు. పొద్దున ఎక్కువ మొరాయిస్తుందా, బండి కాస్త తిరిగాకా అని అడిగాడు. పొద్దున్నే, తిరిగాక కొంచెం నయం అన్నాను.

"మరి నీ చెయ్యి పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి కాదు గదమ్మా" అన్నాడు.

ఇంతమంది ఇన్ని మాటలన్నారు గానీ, ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

బండి అక్కడే ఉంచి మర్నాడు పొద్దున రమ్మన్నాడు. నా ఎదుటే గేర్ బాక్సు అడుగున బిరడా విప్పాడు. ధారగా కారాల్సిన ఆయిల్ ముద్దలా వేలాడింది. వేళ్ల మధ్య నలిపి చూసి, గ్రీజు కలిపారన్నాడు. బేరింగులు అరిగితే గేర్ బాక్సు ఊళ పెడుతుంది. కొనేవాడి చెవిన ఆ చప్పుడు పడకుండా గ్రీజు కూరతారు. చప్పుడు ఆగుతుంది, కానీ చల్లారిన ఆ జిడ్డులో గేర్లు కదలవు. తప్పు నాది కాదని తెలిసి నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన ముఖం మాత్రం ఎర్రబడింది. ఆ కోపం అమ్మినవాడి మీద అనుకున్నాను.

"వాడు అబద్ధమాడాడు, సరే. నువ్వెందుకు నమ్మావు? రోజూ తోలేది నువ్వా, వాడా?"

ఆ జిడ్డు ఒక సీసాలోకి ఎత్తి, పని ఆపి నాతో వచ్చాడు. అమ్మినతని బల్ల దగ్గర ఇద్దరు కొత్తవాళ్లు ఇంకో బండి బేరమాడుతున్నారు. మస్తాన్ బాబాయి సీసా మూత తీసి బల్ల మీద బోర్లించి పట్టుకున్నాడు. చుక్క రాలలేదు. ఇది ఏ ఆయిలో, దీనికీ ఈమె కాలికీ సంబంధమేమిటో చెప్పమన్నాడు. బేరమాడుతున్నవాళ్లు తాళాలు బల్ల మీద పెట్టేసి లేచారు. అమ్మినతను అప్పుడు కూడా నా వైపు చూడకుండా, బేరింగులు మార్పిస్తానని ఆయనకే నచ్చజెప్పబోయాడు.

"బండి ఈమెది. ఈమెతో మాట్లాడు."

మాట్లాడాడు. బేరింగులూ మార్పించాడు. క్షమించమని మాత్రం అనలేదు, ఈ రోజుకీ అనలేదు. బ్రేకు వదిలి, సరైన ఆయిల్ పడ్డాక మొదటి గేరు రెండు వేళ్లతో పడింది. డీజిల్ ఖర్చు దారికొచ్చింది. మా ఆయన ఒకరోజు తోలి చూసి, బండి బాగుందన్నాడు. నా డ్రైవింగు గురించి అన్నవేవీ ఆయనకి గుర్తులేనట్టే ఉన్నాడు. నాకు గుర్తున్నాయి.

మస్తాన్ బాబాయి నాకు రిపేరు నేర్పలేదు. తప్పు నీదే అని ఎవరైనా అంటే ముందు తలవంచే అలవాటు మాన్పించాడు. పూర్తిగా మానిందని చెప్పలేను. ఈ ఏడు మా మిరప నారుమడి సగం మొలవలేదు. విత్తనాల కొట్టుకి వెళ్తే, కుర్చీలోంచి లేవకుండానే నీళ్లెక్కువ పెట్టి ఉంటారన్నాడు కొట్టతను. నిజమేనేమో అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. అదే ప్యాకెట్టులో మిగిలిన గింజల్ని అతని ముందే లెక్కపెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, గుడ్డ తడారకుండా చూడమని అతని బల్ల మీదే పెట్టాను.

"పదో రోజున వస్తాను. ముందు మూట విప్పి మొలకలు లెక్కపెడదాం. నా నీళ్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.